తోడని నీళ్లకు ధర: ధుండీ దారిలో కొన్ని లెక్కలు

ఆనంద్ నుంచి గోధ్రా వెళ్లే రైలు ఉమ్రేఠ్, డాకోర్, ఠాస్రా మీదుగా పోతుంది. దారి పొడవునా కిటికీలోంచి కనిపించేది చదును నేల. గుజరాత్‌లో చరోతర్ అనే ప్రాంతం ఇది. రాయలసీమ ఎర్రనేలకూ తెలంగాణ చెలకలకూ అలవాటుపడిన కంటికి ముందుగా ఆనేది ఇక్కడి మట్టే. రాయి తగలని ఒండ్రు. దాని మీద అరటి, పొగాకు, వరి, గోధుమ. వనాక్‌బోరి ఆనకట్ట దగ్గర మొదలయ్యే మహి కుడి కాలువ ఈ పొలాలకు నీళ్లు పారిస్తుంది. కాలువ నుంచి ఇంకిన నీరు బావుల్లో ఊరుతుంది కనుక నీళ్లు మరీ లోతుకు పోలేదు. డాకోర్‌లో రణఛోడ్‌రాయ్ గుడికి పున్నమి పున్నమికీ జనం వస్తారు, వచ్చినవాళ్లు ఇక్కడి గోటాలు తినకుండా వెళ్లరు. ఖేడా రైతులు గాంధీ, పటేల్‌ల వెంట నడిచి 1918లో పన్ను కట్టబోమని నిలబడింది ఈ జిల్లాలోనే. 1946లో పాల సహకార సంఘం పెట్టి, తర్వాత అమూల్‌గా పేరు తెచ్చుకున్నదీ ఇక్కడివాళ్లే. రైతులు కలిసి ఒక సరుకు అమ్మడం, దానికి సంఘం పెట్టడం, సంఘంలో లెక్కలు రాయడం ఇక్కడ మూడు తరాల అలవాటు. ధుండీ అనే చిన్న ఊళ్లో జరిగింది అర్థం కావాలంటే సౌర ఫలకాల కంటే ముందు ఈ అలవాటును చూడాలి.

ధుండీ ఠాస్రా తాలూకాలో ఉంది. ఊళ్లో బోర్లు ఉన్నాయి గానీ వ్యవసాయానికి కరెంటు కనెక్షన్లు లేక రైతులు డీజిల్ ఇంజన్లతోనే తోడుకునేవాళ్లు. 2015-16లో ఆరుగురు రైతులు సోలార్ పంపులు పెట్టుకుని ఒక సహకార సంఘంగా ఏర్పడ్డారు. ఆరు పంపుల ఫలకాల సామర్థ్యం మొత్తం 56.4 కిలోవాట్లు. తర్వాత మరో ముగ్గురు చేరడంతో అది 71.4 కిలోవాట్లయింది. ఇంతవరకు అయితే దేశంలో ఏ సోలార్ పంపు పథకమైనా ఇలాగే ఉంటుంది. తేడా ఇక్కడి తీగలో ఉంది. ఈ పంపులన్నిటినీ ఒక చిన్న లైనుతో కలిపి, ఊరి దగ్గర ఒకే ఒక్క చోట గ్రిడ్‌కు జోడించి మీటరు పెట్టారు. పంటకు నీళ్లు అక్కర్లేని రోజున ఫలకాల మీద పుట్టిన కరెంటు ఆ మీటరు గుండా డిస్కంకు పోతుంది. మధ్య గుజరాత్ డిస్కం యూనిట్‌కు 4 రూపాయల 63 పైసల చొప్పున 25 ఏళ్ల పాటు కొంటామని సంఘంతో ఒప్పందం రాసుకుంది. దీనికి బదులుగా రైతులు ఆ 25 ఏళ్లూ సబ్సిడీ కరెంటు కనెక్షన్ అడగబోమని ఒప్పుకున్నారు. ప్రయోగాన్ని నడిపించిన నీటి పరిశోధన కార్యక్రమం ఐడబ్ల్యూఎంఐ-టాటా తన వంతుగా హరిత విద్యుత్తు పేరుతో రూపాయి పావలా, నీటి పొదుపు పేరుతో మరో రూపాయి పావలా కలిపింది. రైతుకు చేరేది యూనిట్‌కు 7 రూపాయల 13 పైసలు. 2016 మే నుంచి ధుండీ కరెంటు గ్రిడ్‌లోకి పోవడం మొదలైంది.

ఈ ఏర్పాటు నీటి సంగతిని ఎలా మారుస్తుందో తేలిగ్గానే లెక్క వేయవచ్చు. అయిదు కిలోవాట్ల ఫలకాలు మబ్బులేని రోజు ఇరవై యూనిట్ల దాకా ఇస్తాయి. అయిదు హార్స్‌పవర్ మోటారు గంటకు సుమారు నాలుగు యూనిట్లు తింటుంది. అంటే ఆ ఇరవై యూనిట్లతో అయిదు గంటలు నీళ్లు పారించవచ్చు, లేదా వాటిని అమ్ముకోవచ్చు. అమ్మితే డిస్కం ధరకే 93 రూపాయలు, అదనపు సొమ్ము కలిపితే 143. ఇప్పుడు మడి తడిసిపోయాక కూడా మోటారు కట్టకుండా వదిలేసిన రైతు ఏదో ఒకటి పోగొట్టుకుంటున్నాడు. ఉచిత కరెంటు ఉన్న చోట ఆ మోటారు రాత్రంతా తిరిగినా ఆయన జేబులోంచి పోయేది ఏమీ లేదు. గ్రిడ్‌తో సంబంధం లేని సోలార్ పంపు దగ్గర కూడా అంతే. ఎండ ఉచితం, మోటారు ఉచితంగా తిరుగుతుంది, వాడని ఎండ వృథా అవుతుంది. వృథా చేయడం ఎందుకని ఇంకో ఎకరం తడుపుతాడు, లేదా ఆరుతడి పంట బదులు వరి పెడతాడు. రైతును తప్పు పట్టే పని లేదు, ఆ పరిస్థితిలో ఎవరైనా చేసేది అదే. అందుకే నా వాదన ఇది: సోలార్ పంపులో అసలు కొత్తదనం ఫలకంలో లేదు, మీటరులో ఉంది. తోడని నీళ్లకు ధర పలికించే ఒప్పందం లేకుండా పొలాల్లో ఫలకాలు నిలబెట్టడమంటే డీజిల్ ఖర్చు, కరెంటు కోతలు ఇన్నాళ్లూ భూగర్భ జలానికి అనుకోకుండా ఇచ్చిన కాపలాను కూడా ఎత్తేయడమే.

కాపలా అన్న మాట పెద్దదిగా అనిపించవచ్చు. కానీ ప్రపంచంలో అన్ని దేశాల కంటే ఎక్కువగా భూగర్భ జలం తోడేది భారతదేశమే. కేంద్ర భూగర్భ జల మండలి అంచనాల్లో ఏడాదికి 240 శతకోటి ఘనపు మీటర్ల అటూ ఇటూగా ఉంటుంది. అందులో వందకు 85 పాళ్లకు మించి సేద్యానికే పోతుంది. ఈ తోడకాన్ని ఏదో ఒక మేరకు ఆపుతున్నవి నీటి చట్టాలు కావు. మన ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వాల్టా చట్టం వచ్చింది. బోరు వేయడానికి అనుమతి కావాలని, బోరుకూ బోరుకూ మధ్య దూరం ఉండాలని అందులో రాశారు. ఆ అనుమతి తీసుకుని బోరు వేసినవాళ్లెందరో చదివేవారే చెప్పగలరు. నిజంగా ఆపినవి రెండే: కరెంటు వచ్చే గంటలు, డీజిల్ ధర. సౌర విద్యుత్తు ఆ రెంటినీ తీసేస్తుంది. తీసేయడం రైతుకు మేలే. ఆ స్థానంలో మరొకటి పెట్టాలి గదా అన్నదే ప్రశ్న.

ఆనంద్‌లో చాలాకాలం పని చేసిన నీటి ఆర్థికవేత్త తుషార్ షా, ఆయన సహచరులు దీనికి ఒక దారి సూచించారు. సౌర విద్యుత్తును ఒక పంటగా చూడండి అన్నారు. దీనికి పురుగు పట్టదు, వాన ఎక్కువైనా తక్కువైనా మొత్తంగా పోదు, కోత కూలీలు అక్కర్లేదు, కొనేవాడు ముందే సంతకం పెట్టి ఉంటాడు. చరోతర్ రైతుకు ఇది వెంటనే అర్థమైంది. పొద్దున్నే పాలు సంఘానికి పోసి కొలిపించుకుని చీటీ తెచ్చుకున్నట్టే, ఫలకం మీద పుట్టినదాన్ని సంఘం మీటరుకు పోసి లెక్క చూసుకోవడం. డిస్కం వైపు నుంచి చూసినా సంఘం వల్ల సదుపాయమే. పొలం పొలానికీ తిరిగి మీటర్లు చదవడం, ఒక్కొక్కరికి బిల్లు రాయడం, ఎవరి తీగ ఎక్కడ తెగిందో వెతకడం డిస్కం నెత్తిన ఉండదు. ఒక మీటరు, ఒక చెక్కు. లోపలి పంపకం సంఘం చూసుకుంటుంది. ఎత్తైన కమ్మీల మీద ఫలకాలు నిలబెట్టి, కింది నీడలో ఆకుకూరలు, వెల్లుల్లి వంటివి వేసి చూసిన రైతులు కూడా ధుండీలో ఉన్నారు. ఫలకాలకు నేల పోతుందన్న భయానికి అది కొంతవరకు జవాబు.

ఆరుగురితో మొదలై తొమ్మిది మందితో ఆగిన ప్రయోగాన్ని పట్టుకుని దేశానికి దారి చూపిస్తామంటే నమ్మేదెలా అని అడిగేవాళ్లుంటారు. పైగా పంపుల ఖర్చులో ఎక్కువ భాగం పరిశోధన నిధులు భరించాయి, రైతుల వాటా తక్కువ. ఈ ఆక్షేపణ న్యాయమైనదే. ధుండీని నమూనాగా కాదు, రుజువుగా చూడాలి. కరెంటు అమ్ముకునే వీలుంటే రైతులు అమ్ముతారనీ, సంఘం లెక్కలు తేల్చుకోగలదనీ అది రుజువు చేసింది, అంతే. తర్వాతి మెట్టు ప్రభుత్వాలే ఎక్కాయి. 2018లో గుజరాత్ సూర్యశక్తి కిసాన్ యోజన తెచ్చింది. ఖర్చులో 60 శాతం సబ్సిడీ, 35 శాతం అప్పు, రైతు పెట్టాల్సింది 5 శాతం. మొదటి ఏడేళ్లు యూనిట్‌కు ఏడు రూపాయలు, మిగిలిన 18 ఏళ్లు మూడున్నర. అదే ఏడాది పంజాబ్ ఫలకాలతో పని లేకుండా ఇదే సూత్రాన్ని మరో రకంగా ప్రయత్నించింది. ‘పానీ బచావో, పైసా కమావో’ అని పేరు పెట్టి, పంపుసెట్టుకు ఇన్ని యూనిట్లని కోటా రాసి, అందులో మిగిల్చిన ప్రతి యూనిట్‌కు నాలుగు రూపాయలు రైతు ఖాతాలో వేస్తామంది. ఉచిత కరెంటును పట్టుకుంటే ప్రభుత్వాలు పడిపోతాయని అందరూ భయపడే రాష్ట్రంలో, దాన్ని తీసేయకుండానే పొదుపుకు ధర కట్టిన తీరు గమనించదగ్గది. 2019లో కేంద్రం ప్రకటించిన పీఎం కుసుమ్‌లో కూడా గ్రిడ్‌కు జోడించే పంపులకు ఒక విభాగం కేటాయించారు. విడి పంపులకు మరో విభాగం ఉంది. విడి పంపుకైతే కేంద్రం 30 శాతం, రాష్ట్రం 30 శాతం, మిగిలింది రైతు. నిర్ణయం రాష్ట్రాలకు వదిలేసినప్పుడు అందరికీ తేలికగా కనిపించేది విడి పంపే. బిగించి, ఫొటో తీసి, లెక్కలో చూపించవచ్చు. డిస్కంతో పాతికేళ్ల ఒప్పందం రాయించడం అంత తేలిక కాదు.

డిస్కం వైపు వాదన ఇంతకంటే బరువైనది. రైతు దగ్గర యూనిట్ నాలుగున్నరకో ఏడుకో కొనడం ఎందుకు, పెద్ద సౌర పార్కుల్లో రెండున్నరకే దొరుకుతుంటే? ఆంధ్రప్రదేశ్ చేసింది సరిగ్గా అదే. వ్యవసాయానికి పగటిపూట ఉచిత కరెంటు ఇవ్వడం కోసమని 2021 డిసెంబరులో కేంద్ర సౌర విద్యుత్ సంస్థ సెకితో 7,000 మెగావాట్లకు, యూనిట్ 2 రూపాయల 49 పైసల చొప్పున ఒప్పందం కుదుర్చుకుంది. ఆ కరెంటు పుట్టేది రాజస్థాన్‌లో. అనంతపురంలో ఎండకు కరువు లేదు, ఉన్న కరువంతా నీళ్లకే. అయినా అక్కడి బోరు తిరగడానికి ఎండ వెయ్యి కిలోమీటర్ల అవతలి నుంచి రావాలన్నమాట. ధర తక్కువని ఒప్పుకుందాం. కానీ ఆ 2.49 పార్కు గేటు దగ్గరి ధర. పొలం గట్టు దాకా తెచ్చేసరికి తీగల ఖర్చు, దారిలో పోయే నష్టం, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే బాగుచేసే ఖర్చు కలుస్తాయి. పల్లె ఫీడరు చివరన పుట్టిన కరెంటుకు ఆ దూరమే లేదు. అంతకంటే ముఖ్యమైనది మరొకటుంది. పార్కు నుంచి వచ్చిన యూనిట్ రైతుకు ఉచితంగానే అందుతుంది కనుక ఆయన స్టార్టర్ నొక్కే తీరులో ఏ మార్పూ రాదు. బొగ్గు కరెంటు స్థానంలో ఎండ కరెంటు వచ్చింది, బోరు మాత్రం అప్పటిలాగే తోడుతూ ఉంటుంది. ధుండీ నుంచి తూర్పుకు పోతే మహి ఒడ్డున వనాక్‌బోరి బొగ్గు విద్యుత్ కేంద్రం కనిపిస్తుంది. ఒకే నది ఒక చోట కాలువకు నీరిస్తూ, పక్కనే విద్యుత్ కేంద్రం బాయిలర్లకూ నీరిస్తోంది. బొగ్గు తగ్గడం మంచిదే. నీళ్ల సంగతి దానితో తేలదు. ఫీడరు పక్కన ఒక చిన్న సౌర కేంద్రం పెట్టి ఊరి బోర్లన్నిటికీ కరెంటు ఇచ్చే పద్ధతి మహారాష్ట్ర 2017లోనే మొదలుపెట్టింది. అది చవక, తొందరగా అవుతుంది. దానికి పంజాబ్ పద్ధతిలో మిగులు లెక్క జోడిస్తే నాకు అభ్యంతరం ఏమీ ఉండదు. జోడించకపోతే అదీ చవక కరెంటుతో పాత కథే.

ఇదే గుజరాత్‌లో అందరూ చూడటానికి పోయే కొత్తదనం వేరొకటి ఉంది. ఉత్తరాన మెహసాణా జిల్లా చంద్రాసన్ దగ్గర నర్మదా కాలువ మీద 750 మీటర్ల పొడవున ఫలకాలు కప్పారు. 2012లో ప్రారంభమైంది, సామర్థ్యం ఒక మెగావాట్. నేల ఖర్చు లేదు, కరెంటు వస్తుంది, కాలువ నీళ్లు ఆవిరైపోకుండా ఏటా 90 లక్షల లీటర్లు మిగులుతాయని ప్రభుత్వం చెప్పింది. ఫొటోలో అద్భుతంగా ఉంటుంది. కానీ ఒక ఎకరం వరికి, మడిలో మొత్తం 1,200 మిల్లీమీటర్ల నీళ్లు పెడితే, 48 లక్షల లీటర్ల పైన కావాలి. అంటే ఆ పథకం ఏడాదంతా మిగిల్చేది రెండెకరాల వరికి కూడా చాలదు. అక్కడ కాలువ పొలాలు దాటితే వందల మీటర్ల లోతు బోర్లు. ఆ లోతుల్లో ఫ్లోరైడ్. నీటి సంక్షోభం కాలువ పైన లేదు, బోరు అడుగున ఉంది.

ఇక ధుండీ లెక్క మన నేలకు సరిపోతుందా అన్నది అన్నిటికంటే గట్టి ప్రశ్న. ధుండీ రైతులు కరెంటు అమ్మినా పొరుగువాళ్లకు నీళ్లు అమ్మడం మానలేదు. అక్కడ అది తప్పు కాదు. అది మహి కాలువ ఏటా నింపే ఒండ్రు నేల, డీజిల్‌తో తోడిన నీళ్లు కొనుక్కునే బీద రైతుకు సోలార్ నీళ్లు చవక కూడా. అనంతపురంలో, మహబూబ్‌నగర్‌లో కింద ఉన్నది గ్రానైట్, నైస్ వంటి గట్టి రాయి. పైన పది ఇరవై మీటర్ల మొరంలో, ఆ కింద రాతి పగుళ్లలో ఉన్నంతే నీళ్లు. ఆ పగులు పక్క రైతు బోరులోనూ ఉంటే ఇద్దరూ ఒకే గిన్నెలో తాగుతున్నట్టు. ఒకాయన పొదుపు చేసి కరెంటు అమ్ముకుంటే, ఆయన వదిలిన నీళ్లు పక్కాయన తోడుకుంటాడు. కనుక ఇక్కడ ఒక్క రైతుకు మీటరు పెడితే చాలదు, ఒక వాగు పరిధిలోని బోర్లన్నీ ఒకే లెక్కలో ఉండాలి. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ మద్దతుతో నంద్యాల కేంద్రంగా పని చేసే భారతి సమగ్ర గ్రామీణాభివృద్ధి సంస్థ 2003 తర్వాత ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో రైతులతో భూగర్భ జల నిర్వహణ పథకం నడిపింది. రైతులే వాన కొలిచారు, బోర్లలో నీటి మట్టం చూశారు, రబీకి ముందు ఊరంతా కూర్చుని ఎన్ని నీళ్లున్నాయి, ఏ పంట ఎన్ని తాగుతుంది అని బడ్జెట్ వేసుకున్నారు. జరిమానా లేదు, సబ్సిడీ లేదు. లెక్క కళ్ల ముందుంటే చాలామంది వరి తగ్గించి తక్కువ తడుల పంటలకు మళ్లారు. ఆ పథకానికి లేనిది ధర, ధుండీకి లేనిది నీటి బడ్జెట్. రెండూ రెండు రాష్ట్రాల్లో విడివిడిగా ఉండిపోయాయి.

మన దగ్గర కరెంటు చరిత్ర కూడా గుర్తు చేసుకోవాలి. 2004 మే నెలలో ఉచిత విద్యుత్తు ఫైలు మీద సంతకం పడింది. ఆ సంతకం ఎన్నో కుటుంబాలను అప్పుల్లోంచి లాగిందన్న మాట కాదనలేం. 2018 జనవరి 1 నుంచి తెలంగాణ 24 గంటల ఉచిత కరెంటుకు వెళ్లింది. దానికి ముందు కొన్ని నెలలు ఆటోమేటిక్ స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే ఊరూరా చెప్పాల్సి వచ్చింది. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు మోటారు తనంతట తానే తిరిగే ఆ డబ్బా, కోతల కాలంలో రైతుకు నిద్ర ఇచ్చింది. కోతలు పోయాక బోరును ఖాళీ చేసే యంత్రమైంది. 24 గంటలు వద్దు, తొమ్మిది గంటలు చాలని కొన్ని ఊళ్ల రైతులే అడిగారు. వాళ్లను చూసి అప్పుడు చాలామంది నవ్వారు. బోరు అడుగు చూసినవాడికి ఉన్న జ్ఞానం అది. 2025లో అమ్రాబాద్ ప్రాంతంలో మొదలైన ఇందిర సౌర గిరి జల వికాసం మాత్రం వేరే సందర్భం. అటవీ హక్కుల పట్టాలున్న గిరిజన రైతులకు ఇన్నాళ్లూ కరెంటూ లేదు, తడీ లేదు. అక్కడ విడి సోలార్ పంపు పెట్టడం సరైనదే. మొదటి తడి నీళ్లు అందని వాళ్లకు పొదుపు పాఠం చెప్పడం అన్యాయం. అయినా తోటలో వేసిన మొక్కకు ఏడాది పొడవునా రోజూ నీళ్లు అక్కర్లేదు. మిగిలిన ఎండతో పిండిమర, తాగునీటి ట్యాంకు, బడిలో దీపాలు నడిచేలా మొదటి రోజే తీగ లాగి ఉంచాలి.

నేను పూర్తిగా సమాధానం చెప్పలేని ఆక్షేపణ కౌలు రైతుది. ఫలకం, బోరు, మీటరు, బ్యాంకు ఖాతా అన్నీ భూమి యజమాని పేరు మీదే ఉంటాయి. కరెంటుకు మంచి ధర వస్తే యజమాని కౌలుకు నీళ్లివ్వడమే మానేసి ఇంట్లో కూర్చుని ఎండ అమ్ముకోవచ్చు. కోస్తా జిల్లాల్లో సాగు చేసేవాళ్లలో కౌలుదార్లు ఎంతమందో తెలిసినవాళ్లు ఈ ప్రమాదాన్ని తేలిగ్గా తీసుకోలేరు. సంఘం లాభంలో బోరు లేని వాళ్లకూ వాటా పెట్టడం ఒక మార్గం. ఊరి నీటి బడ్జెట్‌లో కౌలు పొలానికి తడుల హక్కు రాయడం మరొకటి. రెండూ కాగితం మీద బాగుంటాయి. ఆచరణలో యజమానిని ఒప్పించేవాళ్లెవరన్నది తేలాలి.

తాగునీటి విషయం ఇంత చిక్కు కాదు. పంచాయతీల నీటి పథకాలకు కరెంటు బిల్లే పెద్ద బరువు కనుక ట్యాంకు పక్కన ఫలకాలు పెట్టడంలో నష్టమేమీ లేదు. మనిషి తాగే నీళ్లకు ఒక హద్దు ఉంటుంది, పంటకు అది లేదు. ఇక పాడేరు కొండల్లో ఊటనీటిని గొట్టంలో పెట్టి కిందికి వదిలే పథకాలకైతే ఫలకమూ అక్కర్లేదు, మోటారూ అక్కర్లేదు; కొండ వాలే ఆ పని చేస్తుంది. ఇంత చవకైన పునరుత్పాదక శక్తికి ప్రచారం లేకపోవడానికి కారణం అమ్మేవాడు లేకపోవడమే.

కుసుమ్ పేరుతోనో మరో పేరుతోనో మీ ఊరికి సోలార్ పంపుల దరఖాస్తులు తెచ్చే అధికారిని సబ్సిడీ ఎంత అని తర్వాత అడగండి. మోటారు ఆపిన రోజున పుట్టే యూనిట్ ఎవరు కొంటారు, ఎంతకు కొంటారు, ఎన్నేళ్లకు రాసిస్తారు అని ముందు అడగండి. ఆ మూడింటికీ కాగితం మీద జవాబు లేకపోతే, ఊరంతా ఒక సంఘంగా కూర్చుని అది వచ్చేదాకా సంతకం పెట్టకండి.